రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ అవ్వాలంటే ఎక్కడ చేరాలి? కోర్సుకి డబ్బు కట్టమంటున్నారు, కట్టొచ్చా?

నల్లగొండ_ఫిజిక్స్:

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఫైనల్ సెమిస్టర్‌లో ఉన్నాను, మాది నల్లగొండ దగ్గర. నెట్ అనీ సెట్ అనీ రాసుకుంటూ లెక్చరర్ పోస్టు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే ఓపిక లేదు, సాఫ్ట్‌వేర్ వైపు మనసు పోవట్లేదు. న్యూక్లియర్ ఫిజిక్స్ పేపర్ మాత్రం మొదటి నుంచీ ఇష్టం. మా సీనియర్ ఒకాయన రేడియేషన్ సేఫ్టీలో అవకాశాలున్నాయి, ఫిజిక్స్ వాళ్లకే ఇస్తారు అన్నాడు. వెతికితే అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ తగిలింది. "రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ సర్టిఫికేషన్" అట, నెల రోజులు, అరవై వేలు, గల్ఫ్‌లో ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటున్నారు. ఈ వారంలో కడితే డిస్కౌంట్ అని రోజూ ఫోన్లు.

ఇంట్లో ఇంకో గొడవ. మా అమ్మకి రేడియేషన్ అన్న మాట వినగానే టెన్షన్. "పెళ్లి కావలసిన పిల్లవి, రేపు పిల్లలు పుట్టకపోతే ఎవరిది బాధ్యత" అంటోంది. నాకు థియరీ తెలుసు కానీ నిజంగా ఈ పనిలో ఉన్నవాళ్లకి ఎంత డోసు పడుతుందో చెప్పలేకపోతున్నాను. మా తమ్ముడు బీఎస్సీ ఎంపీసీ అయిపోయి ఖాళీగా ఉన్నాడు, వాడికి కూడా ఇందులో దారి ఉంటే చెప్పండి. ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త ఉన్నదున్నట్టు చెప్పండి ప్లీజ్.


లినాక్_గది:

ముందు ఆ అరవై వేలు కట్టకండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

హైదరాబాద్‌లో ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో మెడికల్ ఫిజిసిస్ట్‌గా పనిచేస్తున్నాను, రేడియోథెరపీ (రేడియేషన్‌తో క్యాన్సర్ చికిత్స) విభాగానికి ఆర్‌ఎస్‌ఓని కూడా. మన దేశంలో ఆర్‌ఎస్‌ఓ అంటే రేడియలాజికల్ సేఫ్టీ ఆఫీసర్, అది ఒక కోర్సు పేరు కాదు, 2004 నాటి అటామిక్ ఎనర్జీ రేడియేషన్ ప్రొటెక్షన్ రూల్స్ కింద ఉన్న ఒక బాధ్యత. ఆసుపత్రో కంపెనీయో మిమ్మల్ని నామినేట్ చేస్తే మీ చదువు, ట్రైనింగ్ చూసి ముంబైలోని ఏఈఆర్‌బీ (అటామిక్ ఎనర్జీ రెగ్యులేటరీ బోర్డు) ఆమోదించాలి. ఏఈఆర్‌బీ 1983లో పెట్టిన నియంత్రణ సంస్థ, ఎక్స్‌రే మెషిన్ దగ్గర్నుంచి అణు విద్యుత్ కేంద్రం దాకా అన్నీ దాని చూపు కిందే. అమీర్‌పేటలో ఎవరో ఇచ్చిన సర్టిఫికెట్ ఆ ఆమోదానికి పనికొస్తుందా లేదా అన్నది అడగాల్సింది ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్లని కాదు. ఏ ట్రైనింగ్‌లని గుర్తిస్తారో ఏఈఆర్‌బీ వెబ్‌సైట్‌లో ఉంటుంది, అందులో ఆ పేరు ఉందేమో చూడండి.

ఇంకో సంగతి, ఒక రకం పనికి ఆర్‌ఎస్‌ఓ అయినవాడు అదే అర్హతతో అన్ని రకాల పనులకీ ఆర్‌ఎస్‌ఓ కాలేడు. స్కానింగ్ సెంటర్‌కి కావలసిన అర్హత వేరు, రేడియోథెరపీకి వేరు, వెల్డింగుల్ని గామా కెమెరాతో (గామా కిరణాలతో ఎక్స్‌రేలా ఫిల్మ్ తీసే పరికరం) టెస్ట్ చేసే కంపెనీకి వేరు, స్టీల్ ప్లాంట్లలో లెవెల్ కొలవడానికి సీజియం సోర్స్ (రేడియేషన్ ఇచ్చే పదార్థం) పెట్టిన న్యూక్లియోనిక్ గేజ్‌లకి వేరు. గేజ్‌ల వాళ్లకి కొద్దిరోజుల ట్రైనింగ్‌తో సరిపోతుంది, మాకు ఏళ్లు పడుతుంది. అన్నిటికీ కలిపి ఒకే నెలలో ఒకే సర్టిఫికెట్ అంటున్నారంటేనే తేడా కొడుతోంది.

మీరు ఎమ్మెస్సీ ఫిజిక్స్ కాబట్టి మీకు అన్నిటికంటే మంచి దారి బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్ల డిప్లొమా ఇన్ రేడియలాజికల్ ఫిజిక్స్. అందరూ డిప్ ఆర్‌పీ అంటారు. 1962 నుంచి నడుస్తోంది, ముంబైలో ఒక ఏడాది, ఇప్పుడు హోమీ భాభా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ కింద ఇస్తున్నారు. రాతపరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి, స్టైపెండ్ ఇస్తారు. సీట్లు కొద్దే, పోటీ గట్టిగానే ఉంటుంది. అది కాక మెడికల్ ఫిజిక్స్‌లో నేరుగా ఎమ్మెస్సీ కోర్సులున్నాయి, ఉస్మానియాలో ఉంది, చెన్నై అన్నా యూనివర్సిటీలో ఉంది, ఇంకా కొన్నిచోట్ల ఉంది, అవి బీఎస్సీ ఫిజిక్స్ వాళ్లకి. మీరు ఆల్రెడీ ఎమ్మెస్సీ చేశారు కాబట్టి మళ్లీ రెండేళ్లు ఎందుకు, ముందు డిప్ ఆర్‌పీ రాయండి. మీ తమ్ముడికి మాత్రం ఆ ఎమ్మెస్సీ బాగా సరిపోతుంది.

చదువు అయ్యాక ఏడాది ఇంటర్న్‌షిప్ తప్పనిసరి, అది కూడా అన్ని సౌకర్యాలున్న రేడియోథెరపీ విభాగంలో. దాని తర్వాత బార్క్ వాళ్లు పెట్టే ఆర్‌ఎస్‌ఓ సర్టిఫికేషన్ పరీక్ష రాయాలి, దాన్ని లెవెల్ త్రీ అంటారు. మొత్తం కలిపి చూసుకుంటే ఇంజినీరింగ్ ఫ్రెండ్స్ అందరూ కారు ఈఎమ్ఐలు కట్టుకుంటుంటే మీరు ఇంకా స్టైపెండ్ మీద ఉంటారు. మొదటి జీతం కూడా సాఫ్ట్‌వేర్ ఫ్రెషర్ జీతం ముందు గొప్పగా ఏమీ ఉండదు. కానీ ఆర్‌ఎస్‌ఓ, మెడికల్ ఫిజిసిస్ట్ లేకుండా ఏ రేడియోథెరపీ సెంటరూ పేషెంట్లకి ట్రీట్‌మెంట్ ఇవ్వడానికి వీల్లేదు, అందుకని సర్టిఫికేషన్ చేతికి వచ్చాక ఖాళీగా కూర్చోవడం అరుదు. వైజాగ్ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ వచ్చింది, జిల్లా కేంద్రాల్లో కూడా కొత్త మెషిన్లు పడుతున్నాయి.

పని ఎలా ఉంటుందంటే, పొద్దున పేషెంట్లు రాకముందే లినాక్ (గడ్డ మీదకి రేడియేషన్ పంపే మెషిన్) దగ్గర మొదలు. డోర్ తెరిస్తే బీమ్ ఆగుతోందా, లోపల చివరి మనిషి నొక్కి బయటికి రావలసిన స్విచ్ నొక్కకుండా బీమ్ ఆన్ అవ్వకుండా ఉందా, ఎర్ర లైటు వెలుగుతోందా చూస్తాం. అయనైజేషన్ ఛాంబర్ అనే కొలిచే పరికరం పెట్టి మెషిన్ ఇస్తున్న డోసు నిన్నటి లెక్కతో సరిపోతోందో లేదో కొలుస్తాం. తర్వాత రోజంతా కంప్యూటర్ ముందు, గడ్డకి ఎంత డోసు వెళ్లాలి, పక్కనున్న వెన్నుపాముకి ఎంత లోపల ఆపాలి అని ప్లానింగ్. సాయంత్రం అందరూ వెళ్లాక ఆ ప్లాన్‌ని మెషిన్ నిజంగా అలాగే ఇస్తుందా అని ఫాంటమ్ (మనిషి శరీరం బదులు పెట్టే దిమ్మ) మీద కొలత. బ్రాకీథెరపీ (సోర్స్‌ని గడ్డ దగ్గరికే పంపి చేసే చికిత్స) మెషిన్‌లో ఇరీడియం సోర్స్ మూడు నాలుగు నెలలకోసారి మారుతుంది, ఆ రోజు ఇంటికెళ్లేసరికి ఎంతవుతుందో చెప్పలేం.

ఆర్‌ఎస్‌ఓ పనిలో సగం మాత్రం కాగితాలు, లెక్కలు. ఏ సోర్స్ ఎప్పుడొచ్చింది, ఎక్కడుంది, ఎవరికి తిరిగి పంపాం, టీఎల్‌డీ బ్యాడ్జ్‌లు (ఒంటికి పడిన డోసు కొలిచేవి) ఎవరికిచ్చాం, రిపోర్టులు ఏమొచ్చాయి, ఇదంతా ఈలోరా అనే ఏఈఆర్‌బీ ఆన్‌లైన్ సిస్టమ్‌లో పెట్టాలి. బోర్ కొడుతుందని చాలామంది దీన్ని పట్టించుకోరు. 2010లో ఢిల్లీ మాయాపురిలో ఏం జరిగిందో ఒకసారి చదవండి. ఢిల్లీ యూనివర్సిటీ కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ 1968లో కొన్న గామా సెల్ (ప్రయోగాల్లో శాంపిళ్ల మీద రేడియేషన్ వేసే పరికరం) ఒకటి, లోపల కోబాల్ట్-60, 1985 నుంచి వాడకుండా మూలన పడుంది. దాన్ని పాత సామాన్లతో కలిపి వేలం వేశారు. తుక్కు దుకాణంలో సీసం కోసం విప్పారు, చాలామందికి రేడియేషన్ తగిలింది, ఒక మనిషి చనిపోయాడు. అక్కడ మెషిన్ చెడిపోలేదు, ఎవరూ బటన్ తప్పు నొక్కలేదు. మన దగ్గర ఒక సోర్స్ ఉంది అన్న లెక్క తప్పింది, అంతే.


గాజువాక_ఆర్‌టీ:

చెల్లెమ్మా, పైన సార్ చెప్పింది ఆసుపత్రి లైను. నేను ఇండస్ట్రియల్ రేడియోగ్రఫీ, వైజాగ్‌లో. షిప్‌యార్డ్, రిఫైనరీ, బాయిలర్ పనులు, పైప్‌లైన్లు, ఎక్కడ వెల్డింగ్ జాయింట్లు ఉంటే అక్కడ మేం ఉంటాం. నీకు ఫోన్లు చేస్తున్న ఇన్‌స్టిట్యూట్ ఏదో నాకు తెలీదు గానీ ఆ రకం వాళ్లు మా లైనులోనే ఎక్కువ తిరుగుతారు, అందుకే రాస్తున్నా.

వాళ్లు చేసే కిటుకు ఇది. ఎన్‌డీటీ (వస్తువుని పాడుచేయకుండా పరీక్షించడం) లెవెల్ టూ అనే సర్టిఫికెట్ ఒకటుంది, అమెరికా పద్ధతిలో ఇస్తారు, గల్ఫ్‌లో అడుగుతారు, అది నిజమే. ఫిల్మ్ చూసి వెల్డింగ్‌లో పగులు ఉందా, గాలి బుడగ ఉందా చెప్పడానికి అది పనికొస్తుంది. కానీ మన దేశంలో గామా కెమెరా ముట్టుకోవాలంటే అది చాలదు, బార్క్ సిలబస్‌తో ఆర్‌టీ వన్ అనే రేడియోగ్రఫీ పరీక్ష పాసవ్వాలి, సైట్ ఇన్‌ఛార్జ్ అవ్వాలంటే ఆర్‌టీ టూ. వీళ్లు ఎన్‌డీటీ సర్టిఫికెట్ చేతిలో పెట్టి పైన రేడియేషన్ సేఫ్టీ అని పెద్ద అక్షరాలతో రాసిస్తారు. మా పక్కవీధి కుర్రాడు అలాంటిదే పట్టుకుని దుబాయ్ వెళ్లాడు, అక్కడ రేడియోగ్రఫీ ముఖం చూపించకుండా హెల్పర్‌గా పెట్టారు. ఏ దేశం వెళ్లినా అక్కడి రెగ్యులేటర్ రూల్స్ అక్కడివి, ఎమిరేట్స్‌లో ఎఫ్‌ఏఎన్‌ఆర్ అని ఉంది, వాళ్లు ఒప్పుకోనిదే సోర్స్ దగ్గరికి రానివ్వరు.

ఆర్‌టీ వన్‌కి పెద్ద డిగ్రీలు అక్కర్లేదు. మామూలుగా రేడియోగ్రఫీ కంపెనీలో ట్రైనీగా చేరి వాళ్ల ద్వారా వెళ్లడమే ఎక్కువమంది చేసేది, నీ తమ్ముడికి కావాలంటే ఇది దారి. బీఎస్సీ ఉంటే తర్వాత పైకి వెళ్లడం సులువు. కానీ పని గురించి ముందే చెప్తున్నా, తర్వాత నన్ను తిట్టొద్దు. పని రాత్రిపూటే, ఎందుకంటే పగలు సైట్‌లో జనం ఉంటారు. కెమెరా చేత్తో మోసేదే, లోపల డిప్లీటెడ్ యురేనియం షీల్డు, చూడ్డానికి చిన్నదే గానీ స్కాఫోల్డింగ్ ఎక్కించేటప్పుడు తెలుస్తుంది దాని బరువు. తాడు కట్టి, ఎర్ర లైట్లు పెట్టి, బోర్డులు పెట్టి, ఒక మనిషిని కాపలా పెట్టి, అప్పుడు క్రాంక్ తిప్పితే సోర్స్ గైడ్ ట్యూబ్‌లోంచి జాయింట్ దగ్గరికి వెళ్తుంది. ఎక్స్‌పోజర్ టైం అయ్యాక వెనక్కి తిప్పాలి.

ప్రాణం మొత్తం ఉన్నది ఆ తర్వాతి నిమిషంలో. సోర్స్ కెమెరాలోకి వచ్చేసింది అని చెయ్యి చెప్తుంది, క్రాంక్ ఆగింది కాబట్టి. చెయ్యిని నమ్మకూడదు. సర్వే మీటర్ (రేడియేషన్ కొలిచేది) ముందు పెట్టుకుని నడవాలి, కెమెరా దగ్గర చూడాలి, ఆగకుండా గైడ్ ట్యూబ్ పొడవునా చివరిదాకా చూడాలి, అప్పుడు తాళం. సోర్స్‌ని కేబుల్‌కి కలిపే పిగ్‌టెయిల్ కనెక్షన్ ఊడిపోతే సోర్స్ ట్యూబ్‌లోనే ఉండిపోతుంది, క్రాంక్ మాత్రం మామూలుగానే తిరిగొస్తుంది. తెల్లారుజామున మూడింటికి, ఇంకో పది జాయింట్లు ఉన్నాయని సూపర్‌వైజర్ అరుస్తుంటే ఆ మీటర్ పట్టుకుని నడవడం బద్ధకం అనిపిస్తుంది, ప్రమాదాలు జరిగేది అక్కడే.

ఎంత తేడానో లెక్క చెప్తా, నువ్వు ఫిజిక్సే కదా చూసుకో. నలభై క్యూరీల (సోర్స్ బలం కొలత) ఇరీడియం-192 బయట ఉంటే మీటరు దూరంలో గంటకి దాదాపు 190 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి పడే డోసు కొలత). మనకి ఏడాది మొత్తానికి సగటున ఉన్న పరిమితి 20. అంటే మీటరు దూరంలో ఆరు నిమిషాలు నిలబడితే ఏడాది కోటా అయిపోయింది. అదే పది మీటర్లు వెనక్కి వెళ్తే వందో వంతు, గంటకి రెండు కూడా ఉండదు. చేత్తో పట్టుకుంటే ఇక లెక్కలతో పనిలేదు. పెరూలో యనాంగో అనే చోట 1999లో ఒక వెల్డర్ కిందపడిన ఇరీడియం సోర్స్‌ని ఏదో ఇనుప ముక్క అనుకుని ప్యాంటు వెనక జేబులో వేసుకున్నాడు. కాలు తీసేశారు.

జాగ్రత్తగా చేసేవాళ్లకి ఏడాదికి పడే డోసు పరిమితికి చాలా కిందే ఉంటుంది. అది నా అనుభవం. కానీ ఆడపిల్లలు మా సైట్లలో చాలా తక్కువ, ఆ మాట దాచడం ఎందుకు. డోసు వల్ల కాదు, రాత్రి డ్యూటీలు, సైట్‌లో కనీసం బాత్రూమ్ కూడా ఉండదు, అందుకని. నువ్వు ఎమ్మెస్సీ కాబట్టి ఆసుపత్రి లైనే చూసుకో.


కైగా_కన్నడ_రాదు:

తమ్ముడి గురించి నేను చెప్తాను, ఎందుకంటే నేనూ బీఎస్సీతోనే వచ్చాను. ఎన్‌పీసీఐఎల్ (అణు విద్యుత్ కేంద్రాలు నడిపే ప్రభుత్వ సంస్థ) వాళ్లు స్టైపెండరీ ట్రైనీ, సైంటిఫిక్ అసిస్టెంట్ అని నోటిఫికేషన్ ఇస్తారు, బీఎస్సీ ఫిజిక్స్ ముఖ్య సబ్జెక్టుగా 60 శాతం ఉండాలి, వయసు పరిమితి చూసుకోవాలి, అది చిన్నదే కాబట్టి ఖాళీగా ఉండి ఏళ్లు పోగొట్టుకోవద్దని చెప్పండి. అందులో హెల్త్ ఫిజిక్స్ (మనుషులకి పడే రేడియేషన్‌ని కొలిచి అదుపులో ఉంచే పని) విభాగం ఉంటుంది. రాతపరీక్ష, ఇంటర్వ్యూ, తర్వాత ఏడాదిన్నర ట్రైనింగ్ స్టైపెండ్‌తో, బాండ్ రాయాలి. ట్రైనింగ్‌కి ఒక్క రూపాయి కట్టక్కర్లేదు, వాళ్లే మనకిస్తారు. బార్క్ కూడా ఇలాంటి ట్రైనీలనే తీసుకుంటుంది. అప్రెంటిస్‌లకీ ఐటీఐ వాళ్లకీ వేరే ఉంటాయి. ఎమ్మెస్సీ వాళ్లకి బార్క్ ట్రైనింగ్ స్కూల్ ఉంది, సైంటిఫిక్ ఆఫీసర్‌గా తీసుకుంటారు, చెల్లెలు అదీ రాయొచ్చు, ఫిజిక్స్ వాళ్లకి ఆ పరీక్ష కష్టమే గానీ రాయడానికేం పోయింది.

ఒక్కటి ముందే తెలుసుకోవాలి, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నడుస్తున్న అణు విద్యుత్ కేంద్రం ఒక్కటీ లేదు. శ్రీకాకుళం కొవ్వాడ గురించి ఎన్నాళ్లుగానో పేపర్లలో వస్తోంది, దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు. కైగా, కల్పక్కం, కూడంకుళం, కాక్రాపార్, తారాపూర్, రావత్‌భాటా, నరోరా, ఎక్కడేస్తే అక్కడికి వెళ్లాలి. మన దగ్గర ఉన్నవి హైదరాబాద్‌లో ఎన్‌ఎఫ్‌సీ (అణు ఇంధనం తయారుచేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్), కడప జిల్లా తుమ్మలపల్లి యురేనియం గని, వైజాగ్ అచ్యుతాపురం దగ్గర బార్క్ క్యాంపస్. ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌లో రేడియేషన్ మానిటర్లు తయారవుతాయి, అది వేరే పని. గనిలో హెల్త్ ఫిజిక్స్ అంటే గామా కంటే గాలిలో రేడాన్ వాయువు ఎంతుంది, వెంటిలేషన్ సరిగా ఉందా అన్నదాని మీద ఎక్కువ దృష్టి.

మా పని చెప్తాను. మెయింటెనెన్స్ వాళ్లు ఒక వాల్వ్ విప్పాలి అనుకోండి, రేడియలాజికల్ వర్క్ పర్మిట్ లేకుండా చెయ్యి పెట్టడానికి లేదు. మేం వెళ్లి అక్కడ గంటకి ఎంత ఉందో కొలిచి, ఎన్ని నిమిషాలు ఉండొచ్చు, ఏ డ్రెస్ వేసుకోవాలి, ఎంత మంది వెళ్లాలి రాసిస్తాం. డోసు ఎక్కువైతే పని ఆపించే అధికారం మనదే. పైన చెప్పినవాళ్లకి లేని తలనొప్పి మాకొకటుంది, ట్రిషియం, అంటే రేడియోధార్మిక హైడ్రోజన్. మా రియాక్టర్లలో భారజలం వాడతారు, అందులో ట్రిషియం తయారవుతుంది, దాని బీటా రేడియేషన్ ఎంత బలహీనం అంటే చర్మం కూడా దాటదు, టీఎల్‌డీ బ్యాడ్జ్‌కి అసలు కనబడదు. కానీ తేమ రూపంలో ఊపిరితోనూ చర్మం ద్వారానూ లోపలికి వెళ్తుంది. అందుకని ఆ ఏరియాలో పనిచేసినవాళ్లు యూరిన్ శాంపిల్ ఇవ్వాలి, సీసాలు లైనుగా పెట్టి ఉంటాయి, కొత్తగా వచ్చినవాళ్లు సిగ్గుపడతారు, వారంలో అలవాటైపోతుంది. ఎక్కువ కనిపిస్తే నీళ్లు బాగా తాగమంటాం, శరీరంలో నీరు మారేకొద్దీ అదీ పోతుంది, పది రోజులకి అటూఇటూగా సగం అవుతుంది. ప్లాంట్ బయట ఎన్విరాన్‌మెంటల్ సర్వే ల్యాబ్ అని ఉంటుంది, అక్కడి వాళ్లు చుట్టుపక్కల ఊళ్లలో పాలు, చేపలు, బావి నీళ్లు తెచ్చి పరీక్షిస్తుంటారు. ప్లాంట్ మొదలవ్వకముందే ఆ ల్యాబ్ మొదలవుతుంది, ముందు ఎంత ఉండేదో తెలిస్తేనే కదా తర్వాత తేడా తెలిసేది. నన్నడిగితే ఈ ఫీల్డ్‌లో అన్నిటికంటే హాయైన పోస్టు అదే.

ఇక అమ్మగారి భయం. ఆవిడకి ఈ అంకెలు చెప్పండి. ఎవరూ ఏ పనీ చేయకుండా ఇంట్లో కూర్చున్నా నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి ప్రపంచ సగటున మనిషికి ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు పడుతుంది. రేడియేషన్ పనిలో ఉన్నవాళ్లకి మన దేశంలో పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. ఆసుపత్రిలో రేడియోథెరపీ ఫిజిసిస్ట్‌కి పడేది చాలాసార్లు రిపోర్టులో సున్నా దగ్గరే ఉంటుంది, లినాక్ స్విచ్ ఆపితే రేడియేషన్ ఆగిపోతుంది, నడుస్తున్నప్పుడు మీరు మందపాటి కాంక్రీటు గోడ ఇవతల ఉంటారు. ఆడవాళ్లకి శాశ్వతంగా పిల్లలు పుట్టకపోవడానికి ఒకేసారి పడాల్సిన డోసులు ఆ 20 కంటే వంద రెట్లకి పైగానే ఎక్కువ. గర్భం వస్తే తెలిసిన వెంటనే చెప్పాలి, అప్పటి నుంచి కడుపులో బిడ్డకి 1 మిల్లీసీవర్ట్ దాటకుండా పని మారుస్తారు, మామూలు జనానికి ఏడాదికి ఉన్న పరిమితి కూడా అంతే. మా ఆవిడ కూడా ఇదే డిపార్ట్‌మెంట్, ఇద్దరు పిల్లలు, అల్లరి భరించలేకపోతున్నాం.


సీటీ_టెక్నీషియన్:

పెద్దవాళ్లు అందరూ పెద్ద పెద్దవి చెప్పారు, నేను కింది మెట్టు గురించి రెండు ముక్కలు. చిన్న టౌన్‌లో స్కానింగ్ సెంటర్. డిప్లొమా ఇన్ మెడికల్ ఇమేజింగ్ చేసి వచ్చాను. మన జిల్లాల్లో రేడియేషన్‌తో పనిచేసేవాళ్లలో ఎక్కువమంది మేమే, సేఫ్టీ గురించి తక్కువ చెప్పించుకునేదీ మేమే. నా మొదటి ఉద్యోగంలో టీఎల్‌డీ బ్యాడ్జ్‌లు మేనేజర్ డ్రాయర్‌లో ఉండేవి, మూడు నెలలకోసారి అలాగే కవర్‌లో పెట్టి పంపేవాళ్లు, అందరికీ జీరో వచ్చేది, అందరం హ్యాపీ. తర్వాత చేరినచోట బ్యాడ్జ్ వేసుకోవాల్సిందే అన్నారు, ఒకడు లెడ్ ఏప్రన్‌కి తగిలించి ఏప్రన్‌ని ఎక్స్‌రే గదిలో కొక్కేనికి వేలాడదీసి ఇంటికెళ్లేవాడు. క్వార్టర్ రిపోర్టులో వాడికి ఎప్పుడూ లేనంత డోసు వచ్చింది, ఎంక్వైరీ, వివరణ రాయడం, వాడు చచ్చిపోతున్నానని ఏడుపు. తీరా చూస్తే డోసు పడింది వాడికి కాదు, కొక్కేనికి. బ్యాడ్జ్ ఛాతీ మీద, ఏప్రన్ లోపల వేసుకోవాలి, పని అయ్యాక రేడియేషన్ లేనిచోట కంట్రోల్ బ్యాడ్జ్ (ఎవరూ వేసుకోకుండా పోల్చడానికి ఉంచేది) పక్కన పెట్టాలి. ఇంత చిన్న విషయం ఎవరూ చెప్పరు.

ఇంకోటి చెప్పాలి అక్కా. రేపు నువ్వు క్వాలిఫై అయ్యాక మెడికల్ షాపుకి ఫార్మసీ సర్టిఫికెట్ అద్దెకిచ్చినట్టు నీ పేరు అద్దెకి అడుగుతారు. "మీరు రానక్కర్లేదు మేడం, నెలనెలా అకౌంట్‌లో వేస్తాం, ఆర్‌ఎస్‌ఓ అని మీ పేరు పెట్టుకుంటాం" అంటారు. తేలిగ్గా వచ్చే డబ్బులా కనిపిస్తుంది. అక్కడ ఏదైనా జరిగితే కాగితం మీద ఉన్నది నీ పేరు.


నల్లగొండ_ఫిజిక్స్:

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ చాలా చాలా థాంక్స్. ఏఈఆర్‌బీ సైట్ చూశాను, ఆ ఇన్‌స్టిట్యూట్ పేరు ఎక్కడా లేదు. వాళ్లని అడిగితే "మాది ఇంటర్నేషనల్ సర్టిఫికేషన్ మేడం" అన్నారు, ఫోన్ కట్ చేశాను. కైగా అన్నయ్య రాసింది అమ్మకి చదివి వినిపించాను, 2.4 సంగతి నమ్మలేదు కానీ వాళ్లావిడ కూడా అదే డిపార్ట్‌మెంట్ అన్నది నమ్మింది!

ఇంకో రెండు డౌట్లు. డిప్ ఆర్‌పీ ఎంట్రన్స్‌కి ఏం చదవాలి? సీటు రాకపోతే ఏం చేయాలి? ఇంకా, దీని తర్వాత అమెరికా వెళ్లే వీలుంటుందా? మా బాబాయి వాళ్లు అక్కడే ఉన్నారు, అడుగుతున్నారు.


ఒహాయో_తెలుగు:

అమెరికా సంగతి నేను చెప్తాను, ఇక్కడ యూనివర్సిటీ రేడియేషన్ సేఫ్టీ ఆఫీస్‌లో పనిచేస్తున్నాను. మెడికల్ ఫిజిక్స్ అయితే దారి బాగా ఇరుకు. ఇక్కడి బోర్డు పరీక్షకి 2014 నుంచి క్యాంపెప్ అనే సంస్థ గుర్తింపు ఉన్న రెసిడెన్సీ (ఆసుపత్రిలో చేసే శిక్షణ) చేసి ఉండాలి, ఆ రెసిడెన్సీ సీట్ల కోసం ఇక్కడ చదివినవాళ్లే కొట్టుకుంటున్నారు. ఇండియాలో పదేళ్లు ఫిజిసిస్ట్‌గా చేసి వచ్చినా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి రావచ్చు. హెల్త్ ఫిజిక్స్ వైపు కాస్త నయం, ఎంఎస్ చేసి యూనివర్సిటీల్లో, ఆసుపత్రుల్లో చేరొచ్చు. సీహెచ్‌పీ (సర్టిఫైడ్ హెల్త్ ఫిజిసిస్ట్) అనే సర్టిఫికేషన్‌కి రెండు భాగాల పరీక్ష, రెండో భాగానికి ఆరేళ్ల అనుభవం కావాలి. నేషనల్ ల్యాబుల్లో మంచి పోస్టులు చాలావాటికి సెక్యూరిటీ క్లియరెన్స్ అడుగుతారు, అది సిటిజన్లకే. వీసా మీద వచ్చేవాళ్లు ఇదంతా తెలుసుకుని రావాలి, కన్సల్టెన్సీ వాళ్లు చెప్పరు. ముందు ఇండియాలో డిప్ ఆర్‌పీ వస్తే అదే చేయమంటాను.


లినాక్_గది:

ఎంట్రన్స్‌కి మీ బీఎస్సీ, ఎమ్మెస్సీ ఫిజిక్స్ మొత్తం కావాలి, న్యూక్లియర్ ఒక్కటే చదివి వెళ్తే దెబ్బతింటారు. క్లాసికల్, ఎలక్ట్రోమాగ్నెటిక్స్, క్వాంటమ్, ఎలక్ట్రానిక్స్ అన్నీ బేసిక్స్ గట్టిగా ఉండాలి. ఇంటర్వ్యూలో మాత్రం ఫోటాన్ పదార్థంతో ఎలా రియాక్ట్ అవుతుంది, ఏ ఎనర్జీ దగ్గర ఫోటో ఎలక్ట్రిక్, ఎక్కడ కాంప్టన్, ఎక్కడ పెయిర్ ప్రొడక్షన్ అన్నది తిప్పి తిప్పి అడుగుతారు. జీఎం (గైగర్ ముల్లర్) కౌంటర్‌కీ అయనైజేషన్ ఛాంబర్‌కీ తేడా అడిగితే పుస్తకంలో గ్రాఫ్ గీసి ఊరుకోకండి, ఎక్కువ రేడియేషన్ ఉన్నచోట జీఎం ఎందుకు మోసం చేస్తుందో చెప్పగలగాలి. కొన్ని పాతరకం మీటర్లు ఎక్కువ డోసులో సాచురేట్ అయ్యి ముల్లు వెనక్కి పడిపోతుంది, ఇది గాజువాక అన్నయ్యని అడిగితే నాకంటే బాగా చెప్తాడు.

సీటు రాకపోతే మళ్లీ ఏడాది రాయండి, ఆ లోపు ఖాళీగా ఉండకుండా ఇతర యూనివర్సిటీల్లో పోస్ట్ ఎమ్మెస్సీ డిప్లొమాలు చూడండి, చేరేముందు ఆ ఏడాదికి ఏఈఆర్‌బీ లిస్టులో ఉందో లేదో మళ్లీ చూసుకోవాలి. ఏ కోర్సైనా సరే, చేరకముందే "ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో ఇస్తారు, పోయిన బ్యాచ్ వాళ్లందరికీ దొరికిందా" అని అడగండి. కోర్సు పూర్తి చేసి ఇంటర్న్‌షిప్ దొరక్క ఆగిపోయినవాళ్లు నాకు తెలుసు, ఆ ఏడాది లేకుండా ఆర్‌ఎస్‌ఓ పరీక్షకి కూర్చోనివ్వరు.

మా విభాగం చూడాలనుకుంటే సెమిస్టర్ అయ్యాక మెసేజ్ పెట్టండి, మా హెడ్‌ని అడిగి పర్మిషన్ తీసుకుంటాను. సాయంత్రం పూట రండి, పేషెంట్లు ఉండరు, ఫాంటమ్ మీద కొలతలు అప్పుడే తీస్తాం. తమ్ముడిని కూడా తీసుకురండి.